హైమవతి గారు వేసిన నేల

పోయిన వారం మా డెంటల్ ల్యాబు పక్క సందులో ఎవరో ఇనుప గేటుకి బూడిద రంగు స్ప్రే కొడుతున్నారు. మధ్యాహ్నపు ఎండలో ఆ వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. ముక్కుకి ఘాటుగా తగిలి, కాసేపయ్యాక గొంతులో తియ్యగా నిలిచే వాసన అది. చేతిలో ఉన్న పింగాణీ పన్నును బల్ల మీద పెట్టి అలాగే కూర్చుండిపోయాను. రంగుల మధ్య బతికేదాన్ని కాబట్టి అలాంటి వాసనలు నాకు కొత్త కాదు. కానీ ఆ బూడిద రంగు వాసన ఎప్పుడు తగిలినా నాకు మా రాయపూర్ శంకర్ నగర్‌లో ఒక మేడ గుర్తుకొస్తుంది. ఆ మేడ మీద ఒక అట్టపెట్టె, అందులో వరుసగా నిలబెట్టిన వేలెడంత మనుషులు, ముక్కుకి చీరకొంగు చుట్టుకుని వాళ్ళ మీద మొదటి పూత కొడుతున్న ఒక పెద్దావిడ.

ఆవిడ హైమవతి గారు. మేము అద్దెకున్న ఇంటి యజమానురాలు, ఒక ప్రైవేటు స్కూల్లో జాగ్రఫీ టీచరు. వాళ్ళది విజయనగరం వైపు, మాదీ అటే. అందుకని నాన్న రైల్వేలో రిటైరై క్వార్టరు ఖాళీ చేసినప్పుడు మమ్మల్ని పిలిచి మరీ పై వాటా ఇచ్చారు. వాళ్ళాయన ప్రకాశరావు గారు ఊరి బయట సిల్తారాలో ఒక ఉక్కు ఫ్యాక్టరీలో ఇంజనీరు. పిల్లలు లేరు. ఆవిడని నేను ఆంటీ అనేదాన్ని. స్కూలు పిల్లలకు ఆవిడంటే భయం అని విన్నాను. ఇంట్లో మాత్రం గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

ఆ రోజుల్లో నేను బ్యాంకు పరీక్షలు రాస్తూ, ప్రతిసారీ కొద్దిలో తప్పిపోతూ ఉండేదాన్ని. కొన్నాళ్ళకు ఎవరైనా ఏం చేస్తున్నావని అడుగుతారేమోనని బయటికి వెళ్ళడమే మానేశాను. ఒక ఆదివారం అమ్మ చేసిన పులిహోర ఇచ్చిరమ్మంటే కిందికి దిగాను. హైమవతి గారు వరండాలో బల్ల ముందు కూర్చుని, మందు సీసా మూతకి అంటించిన ఒక చిన్న సైనికుణ్ణి ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో వెంట్రుకంత సన్నటి బ్రష్షుతో వాడి బెల్టుకి రంగు వేస్తున్నారు. టీచరుగారు బొమ్మలతో ఆడుకుంటున్నారేమిటా అని నవ్వొచ్చింది. ఆపుకున్నాను.

ఆ బొమ్మలు వాళ్ళ చెల్లెలి కొడుకువట. బెంగళూరులో చదువుతూ, బల్ల మీద సైన్యాల్ని నిలబెట్టి పాచికలు వేస్తూ ఆడే యుద్ధాల ఆట ఏదో నేర్చుకున్నాడు. సెలవులకు వచ్చి, ఆట మీద మోజు తీరిపోయి, పెట్టె ఇక్కడే వదిలేసి వెళ్ళాడు. రంగు లేని ప్లాస్టిక్ మనుషులు. గది సర్దుతూ ఆ పెట్టె తెరిచిన ఆవిడకి వాళ్ళనలా వదిలెయ్యబుద్ధి కాలేదు. మొదట స్కూలు పిల్లల వాటర్ కలర్స్‌తో ప్రయత్నించారు. ప్లాస్టిక్ మీద ఆ రంగు నిలవక చుక్కలు చుక్కలుగా జారిపోయింది. తరువాత ఇంటర్నెట్‌లో వీడియోలు చూసి, ముందు బూడిద రంగు పూత కొట్టాలని, ఆపైన యాక్రిలిక్ రంగు వెయ్యాలని నేర్చుకున్నారు.

నన్ను కూర్చోమని, ఒక బొమ్మ చేతిలో పెట్టారు. నేను తిన్నగా ముఖం మీదకి బ్రష్షు తీసుకెళ్ళాను. ఆవిడ నా మణికట్టు మీద చెయ్యి వేసి ఆపారు.

"ముఖం తరవాత. పహలే బూట్లు వెయ్యి. జల్దీ ఏటి నీకు, ఆరామ్‌గా వెయ్యి."

ఆ రోజంతా బూట్లే వేశాను. రంగు చిక్కగా పడితే బూటు మీద గీసి ఉన్న లేసులు పూడిపోయేవి. నీళ్ళు కలిపి పలచగా రెండు పూతలు వేస్తే లేసులు అలాగే ఉండి రంగు మాత్రం నిలిచేది. సాయంత్రం పైకి వెళ్తుంటే, ఆ రోజు మొత్తంలో పరీక్షల సంగతి ఒక్కసారి కూడా తలుచుకోలేదని తట్టింది. మరుసటి ఆదివారం అమ్మ పంపకుండానే దిగాను.

అలా ఆదివారాలన్నీ ఆ వరండాలోనే గడిచాయి. సైనికులందరికీ రంగులు పూర్తయ్యాక, ఊళ్ళో ఆ ఆట ఆడే ఇంజనీరింగ్ కుర్రాళ్ళు కొందరున్నారని తెలిసి ఆవిడ నన్ను వెంటబెట్టుకుని వాళ్ళ గదికి వెళ్ళారు. తలుపు తీసినవాడు ఎవరి అమ్మగారో కొడుకుని వెతుక్కుంటూ వచ్చారనుకుని కంగారుపడ్డాడు. ఆవిడ పెట్టె తెరిచి బొమ్మల్ని ఒక్కొక్కటిగా బల్ల మీద పెడుతుంటే కుర్రాళ్ళంతా చుట్టూ చేరి వంగి చూశారు. ఆట నియమాలు ఆవిడకి సగమే తెలుసు. త్వరగానే ఓడిపోయారు. దారిలో ఆటోలో కూర్చుని, వాళ్ళ సైనికుల్లో ఒక్కరికీ కాళ్ళకింద నేల లేదు చూశావా అన్నారు. నిజానికి ఆ కుర్రాళ్ళ బొమ్మలన్నీ నల్లటి బిళ్ళల మీద ఊరికే నిలబడి ఉన్నాయి. మా బొమ్మలూ అలాగే ఉన్నాయి. అప్పటిదాకా మా ఇద్దరికీ ఆ సంగతి తట్టలేదు.

ఆ తరువాత ఆవిడకి నేల పిచ్చి పట్టుకుంది. బొమ్మ నిలబడే ఆ చిన్న బిళ్ళని బేస్ అంటారు. దాని మీద జిగురు రాసి ఇసుక చల్లడం, ఎండిన వేళ్ళ ముక్కలతో మోడులు చెయ్యడం, రంపపు పొట్టుకి ఆకుపచ్చ రంగు పట్టించి గడ్డి వెయ్యడం. ఒకసారి ఆరంగ్ ఊళ్ళో గుడికని బయల్దేరి, దర్శనం చేసుకుని, మహానది దాకా వెళ్ళి ఇసుక తెచ్చారు. టీ వడబోసే జల్లెడతో దాన్ని మూడు రకాలుగా వేరుచేశారు. మేడ మీద రోజూ సిల్తారా నుంచి వచ్చి పడే నల్లటి దుమ్ముని కూడా వదల్లేదు. ప్రకాశరావు గారికి ఆ దుమ్ము సంగతి ఎత్తితేనే చిరాకు. తన ఫ్యాక్టరీని ఎవరో తిడుతున్నట్టు ఉండేది. ఈవిడ మాత్రం చేటలోకి ఎత్తి, ఒక కుంచెతో ఆ దుమ్ముని బొమ్మల బూట్ల అంచులకి అద్దారు. ఎంతో దూరం నడిచి వచ్చినవాళ్ళలా అయిపోయారు ఆ సైనికులు. ఆయన వచ్చి చూసి, మా దుమ్ము దేనికో ఒకదానికి పనికొచ్చిందన్నమాట అని లోపలికి వెళ్ళారు. మర్నాటి నుంచి దుమ్ము పట్టేందుకు చేట ఆయనే మేడ మీద పెట్టేవారు.

ఒకరోజు పన్నుకి క్యాప్ వేయించుకుని డెంటిస్టు దగ్గర నుంచి వస్తూనే నన్ను కేకేశారు. నోరు తెరిచి చూపించి, ఏది కొత్తదో చెప్పమన్నారు. చెప్పలేకపోయాను. "పళ్ళకి రంగులేసే పని ఉందంట పద్మా. కోర్సు కూడా ఉందంట. నేను డాక్టర్ని అడిగే వచ్చేను" అన్నారు. నేను నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు. ఆ కోర్సు వివరాలు కనుక్కుని, నేను అడగకపోయినా అప్పుడప్పుడూ గుర్తుచేస్తూనే ఉన్నారు.

ఆవిడ రిటైరయ్యే ఏడు స్కూలువాళ్ళు ఒక కోరిక కోరారు. రాయపూర్ నుంచి ధమ్‌తరీ వైపు నడిచే చిన్న రైలు అప్పటికి ఆగిపోయింది. ఆ లైను మీద ఒక స్టేషన్‌ని, రైలుతో, మనుషులతో సహా నమూనాగా చేసి స్కూలు హాల్లో పెడితే పిల్లలు చూస్తారని. ఆవిడ వెంటనే ఒప్పుకున్నారు. నాన్న చాలా ఏళ్ళు ఆ చిన్న లైను మీదే గార్డుగా పనిచేశాడు. రిటైరయ్యాక ఆయన మాట బాగా తగ్గిపోయింది. రైలు కూడా ఆగిపోయాక ఇంకా తగ్గింది. వరండాలో కుర్చీ వేసుకుని రోడ్డు చూస్తూ కూర్చునేవాడు.

హైమవతి గారు మెట్లెక్కి వచ్చి నాన్న ఎదురుగా కూర్చుని అడిగేవారు. పొద్దున్న ప్లాట్‌ఫారం మీద నీడ ఎటు పడేది, బోరింగు దగ్గర నీళ్ళు ఎటు పారేవి, మేకలు ఎక్కడ పడుకునేవి, గార్డు పెట్టె ఎక్కడ ఆగేది. మొదట్లో ఆయన ఒక ముక్కలో జవాబిచ్చేవాడు. పోనుపోను ఆవిడ రాకపోతే మెట్ల వైపు చూడడం మొదలుపెట్టాడు. "అందరూ ఇంజన్ గురించి అడుగుతారు. ఈవిడేటే, మట్టి గురించి అడుగుతాది" అని అమ్మతో అన్నాడు. ఆ గొంతులో విసుగు లేదు.

నమూనా సగంలో ఉండగా ఆవిడ చెయ్యి వణకడం చూశాను. టీ అమ్మే మనిషి బొమ్మకి కన్ను వేస్తుంటే బ్రష్షు జారి చెంప మీద నల్లటి గీత పడింది. తుడిచి మళ్ళీ వేశారు. మళ్ళీ జారింది. కళ్ళజోడు మార్చాలన్నారు. కళ్ళజోడు మారింది, వణుకు పోలేదు. ఆ పైన పెద్ద ఆసుపత్రిలో చూపించుకుంటే పార్కిన్సన్ అన్నారు. ఆ మాట నాకు ప్రకాశరావు గారు చెప్పారు, గేటు దగ్గర నిలబెట్టి, ఆవిడకి వినబడకుండా.

ఆ ఆదివారం ఆవిడ మామూలుగానే బల్ల ముందు కూర్చున్నారు. స్టేషన్ మాస్టరు బొమ్మ చేతిలో ఉంది. బ్రష్షు ముఖం దాకా వెళ్తోంది, ఆగుతోంది, వెనక్కి వస్తోంది. చూడలేక, నేను మణికట్టు పట్టుకుంటాను మీరు వెయ్యండి అన్నాను. ఆవిడ బ్రష్షు నీళ్ళ గ్లాసులో పెట్టేశారు. కోపం వచ్చిందని తెలుస్తూనే ఉంది.

"నువ్వు పట్టుకుంటే అది నీ గీతా కాదు, నా గీతా కాదు" అన్నారు. "ముఖాలన్నీ నువ్వెయ్యి. నేల నాకొదిలెయ్."

నాకు చేతకాదని, ఇన్ని ముఖాలు పాడుచేస్తానని ఏదో అన్నాను. ఆవిడ వినలేదు. బొమ్మలన్నిటినీ నా వైపు జరిపి, స్టేషన్ నమూనా కట్టే పలకని తన వైపు లాక్కున్నారు. జిగురు రాసి, ఇసుక జల్లెడ చేత్తో పట్టుకుని దాని మీద ఎత్తారు. చెయ్యి దానంతటదే వణుకుతుంటే ఇసుక సన్నగా, సమంగా, వాన తుంపరలా రాలింది. ఆవిడ అది చూసి మొదట ఆశ్చర్యపోయారు. తరువాత చిన్నగా నవ్వారు.

"చూశావా, నేను ఊపక్కర్లేదు."

నాకు నవ్వు రాలేదు. తల వంచుకుని స్టేషన్ మాస్టరు ముఖానికి మొదటి పూత వేశాను.

స్కూలు వార్షికోత్సవం రోజున నమూనాని హాల్లో గాజు పెట్టెలో పెట్టారు. ఆ బొమ్మల గుంపులో గార్డుకి నేను నాన్న ముఖమే వేశాను. ఆయన మీసం, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ, ఎండకి కళ్ళు చికిలించే తీరు. అన్ని ముఖాల్లోకీ దాని మీదే ఎక్కువ రోజులు పెట్టాను. నాన్నకి ముందుగా చెప్పలేదు. ఉపన్యాసాలు అయ్యాక ఆయన్ని చెయ్యి పట్టుకుని గాజు పెట్టె దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన నడుం వంచి చూశాడు. గార్డు ముఖం వైపు ఆయన చూపు వెళ్ళనే లేదు. రైలు చివర, గార్డు పెట్టె మెట్టు కింద, ప్లాట్‌ఫారం అంతా గడ్డి ఉన్నా ఒక్క చోట మాత్రం గడ్డి లేకుండా అరిగి, నున్నగా, కొంచెం పల్లంగా ఉన్న మట్టి ఉంది. గాజు మీద అక్కడ వేలు పెట్టాడు.

"ఇక్కడే దిగేవోణ్ణి" అన్నాడు. మళ్ళీ అదే మాట అన్నాడు.

వేలు తియ్యలేదు. వెనక వచ్చినవాళ్ళు పక్కకి తప్పుకుని వెళ్ళారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చాక ఆయన అమ్మకీ నాకూ ఆ లైను మీది కబుర్లు చెప్పాడు. వానలో పట్టాల మీద ఆగిపోయిన రోజు గురించి, రోజూ ఆకుకూరల గంపతో గార్డు పెట్టె పక్కన నిలబడే ముసలావిడ గురించి. అంతసేపు ఆయన మాట్లాడగా నేను ఎన్నాళ్ళకో విన్నాను.

అయినా నా మనసు ఒక మూల నొచ్చుకుంది. మర్నాడు ఆ సంగతి హైమవతి గారితో అన్నాను, నేను వేసిన ముఖం ఆయన చూడనే లేదని. ఆవిడ నన్ను ఓదార్చలేదు.

"ముఖం ఆయన రోజూ అద్దంలో చూసుకుంటాడు పద్మా. ఆ నేల మీద మళ్ళీ నిలబడలేడు కదా."

ఆ ఏడే నేను నాగపూర్ వెళ్ళి డెంటల్ టెక్నీషియన్ కోర్సులో చేరాను. ఆవిడ ఎన్నోసార్లు గుర్తుచేసినా కదలనిదాన్ని, ఆ మాట విన్నాక అప్లికేషన్ అడిగి తెచ్చుకున్నాను. ఎందుకో నాకప్పుడు సరిగ్గా తెలియదు. చదువయ్యాక రాయపూర్ తిరిగొచ్చి ల్యాబులో చేరాను. అప్పటికి ఆవిడకి జల్లెడ పట్టుకోవడం కూడా కష్టమైంది. మాట నెమ్మదించింది. మేము వేరే ఇంటికి మారినా వీలైనప్పుడల్లా వెళ్ళేదాన్ని. ఒకసారి నేను చేసిన పంటి క్యాప్ ఒకటి పట్టుకెళ్ళి ఆవిడ అరచేతిలో పెట్టాను. పింగాణీ పొడిని పొరలు పొరలుగా వేసి, కాల్చి, రంగు తెచ్చిన పన్ను. ఎవరైనా ముందు దాని మెరుపు చూస్తారు. ఆవిడ ప్రకాశరావు గారిచేత దాన్ని తిరగేయించుకుని, వేరు వైపు అంచు చూశారు. చిగురు దగ్గర రంగు మార్చానా అని అడిగారు. మార్చానన్నాను. ఠీక్ హై అన్నారు. అదే మేము మాట్లాడుకున్న చివరి మాట. ఆ వానాకాలంలో ఆవిడ పోయారు.

ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు పన్ను మొనతో, మెరుపుతో మొదలుపెడతామంటారు. నేను వాళ్ళని చిగురు అంచు దగ్గర కూర్చోబెడతాను. పన్ను మొలిచే నేల అదే. అక్కడ రంగు ఒక వీసం ముదురుగా, వెచ్చగా ఉండకపోతే, పైన ఎంత అందంగా వేసినా నోట్లో పెట్టుడు పన్నులాగే ఉంటుంది. కష్టమైన కేసులైతే డాక్టర్లు మనిషినే ల్యాబుకి పంపుతారు. రంగు పట్టిక తీసే ముందు నేను వాళ్ళ ఊరు, వాళ్ళ పని, తాగే నీళ్ళు బోరువా నదివా అని అడుగుతాను. పళ్ళకీ ఈ ప్రశ్నలకీ సంబంధమేమిటని కొందరు విసుక్కుంటారు కూడా.

ఈ మధ్య అలాగే ఒకాయన వచ్చాడు. కొలిమి దగ్గర పనిచేసే మనిషి, ముందు పన్ను విరిగింది. తెల్లగా చెయ్యమన్నాడు, బాగా తెల్లగా. ఆయన తాగే టీ, నమిలే పొగాకు, మిగిలిన పళ్ళ మీద ఏళ్ళుగా పడిన చారలు అన్నీ చూసుకున్నాను. ఊరి బోరు నీళ్ళు పుట్టించిన సన్నటి గోధుమరంగు మచ్చ పక్క పన్ను మీద ఉంది. కొత్త పన్ను మీద కూడా అలాంటిదే ఒకటి, కనీకనబడకుండా వేశాను. నచ్చకపోతే మళ్ళీ తెల్లగా చేసిస్తానని డాక్టరుతో ముందే చెప్పాను. అది పెట్టిన రోజు క్లినిక్‌కి నేనూ వెళ్ళాను. ఆయన అద్దం పట్టుకుని పెదవి ఎత్తి చూసుకున్నాడు. నాలుకతో తడిమాడు. మళ్ళీ చూసుకున్నాడు. తెల్లదనం మాట ఎత్తలేదు.

"ఏ తో మోరేచ్ ఆయ్" అన్నాడు తనలో తను. ఇది నాదే కదా అని.