రాళ్ళలో తిరిగిన పట్టులంగాలు

పుణ్యం చేయబోయి పదిహేడేళ్ళ ఆడపిల్లల ముందు తలెత్తుకోలేకపోయిన మగవాణ్ణి మీరెప్పుడూ చూసి ఉండరు. మొహమాటపడకుండా నన్ను చూడండి. బళ్ళారిలో జీన్సు ప్యాంట్లు ఉతికే యూనిట్లో సూపర్‌వైజర్ని. అంటే మిషన్లు నడిపేవాణ్ణి కాదు, నడిపేవాళ్ళ వెనక చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి. ఆ తేడా నాకు అప్పట్లో తెలియదు. అక్కడే కొంప మునిగింది.

మా యూనిట్లో ప్యాంట్ల దారాలు కత్తిరించే ఆమె కూతురు రేణుక పీయూసీ, అంటే ఇంటర్, రెండో ఏడు చదువుతుండేది. సెండాఫ్ రోజు ఆడపిల్లలంతా పట్టులంగా, ఓణీలతో రావడం ఆ కాలేజీలో వాడుక. రేణుక ఆ రోజు ప్రార్థన పాడాలి. "ఏం కట్టుకుంటాండావే?" అని మా ఆవిడ సుజాత అడిగితే, ఆ పిల్ల తల వంచుకుని "ఆ పొద్దు నాకు జొరం వస్తాదిలే అక్కా" అంది. లంగా లేని పిల్లలందరికీ ఏటా సరిగ్గా ఆ రోజే జ్వరం వస్తుందట.

సుజాత ఊరుకుంటుందా? చుట్టాల ఇళ్ళు, కంప్లిలో వాళ్ళ అక్క బీరువా, అన్నీ గాలించి, జ్వరం రావలసిన పిల్లలందరికీ సరిపడా లంగాలు సంపాదించింది. వాటి మీద అక్కడక్కడా పాయసం మరకలు. దానమిచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టకూడదంటారు. నేను దానమిచ్చిన లంగాలకు మరకలు లెక్కపెట్టాను.

"పెట్రోల్ వాష్‌కి ఇచ్చి రాప్పా. రేపే సెండాఫ్," అంది సుజాత.

"రేపటికి యాడ ఇస్తారు? మన యూనిట్లో అంతంత మిషన్లు ఉండాయి కదా."

"అవి జీన్సువి. పట్టుకు ఏమన్నా అయితే?"

"ఇన్నేండ్లూ నేను ఆడ గాడిదలు కాస్తాండానా?"

ఆమె లంగాలన్నీ మూటగట్టి నా చేతిలో పెట్టింది. ఆ ప్రశ్నకు జవాబు ఇప్పుడు నేనే ఇస్తున్నాను: అవును, గాడిదలే.

యూనిట్‌కు పోయేసరికి మిషను నడిపే బాషా భోజనానికి వెళ్ళాడు. ఒక చిన్న మిషను తలుపు తెరుచుకుని నా కోసమే కాచుకున్నట్టుంది. లంగాలన్నీ అందులో కుమ్మరించి, బటన్ నొక్కి, టీకి పోయాను. లోపలికి తొంగి చూడలేదు. సూపర్‌వైజర్లు తొంగి చూస్తారా? పైగా టీకొట్టాయనకు సేవాగుణం గురించి నాలుగు ముక్కలు చెప్పి మరీ వచ్చాను.

వచ్చేసరికి బాషా మిషను ముందు బిగుసుకుపోయి ఉన్నాడు.

"సార్, దీంట్లో ఏమేసినారు?"

"పట్టులంగాలు. ఏం?"

"ప్యాంట్లకని రాళ్ళేసి పెట్టి ఊటకు పోయింటి సార్."

జీన్సుకు పాత రూపు రావడానికి రాళ్ళు వేసి తిప్పుతారు. ప్యాంటుకు మోకాలు చిరిగితే ఫ్యాషను. పట్టులంగా చిరిగితే మసిగుడ్డ. జరీ అంచులు చిక్కుపడిన సేమ్యాలా బయటికొచ్చాయి. ఎరుపు, పచ్చ తేడా లేదు, అన్నిటికీ ఆ రాళ్ళకు పట్టిన జీన్సు నీలమే. మరకలు మాత్రం పోయాయి. మరక ఉండడానికి బట్ట ఉండాలి కదా.

ఇంటికొస్తే రేణుక గుమ్మంలోనే కూర్చుని ఉంది. మూట విప్పి చూసింది. ఏడ్చినా బాగుండేది. "పోనీలే సార్. జొరం ముందే అనుకునిందే కదా," అని లేచింది. ఆ రాళ్ళలో నన్ను వేసి తిప్పినా అంత నొప్పి ఉండదు.

సుజాత బీరువా తెరిచి తన పట్టుచీరలన్నీ మంచం మీద వేసింది, మా పెళ్ళిచీరతో సహా. "ఆ పిల్లోళ్ళనంతా పిల్చుకోని రాపోమ్మే. లంగాలు లేకుంటే చీరలు," అంది.

మరునాడు ఆ పెళ్ళిచీరలో రేణుక ప్రార్థన పాడుతుంటే హాలు వెనక స్తంభం చాటున నిలబడి విన్నాను. కళ్ళు తుడుచుకుందామని, నిన్న ఆ లంగాలు పట్టిన చేతులు తుడుచుకున్న రుమాలు తీస్తే అదీ నీలంగానే ఉంది.

ఆ తర్వాతి రోజు రేణుక చీర తిరిగివ్వడానికి వచ్చింది.

"ఇట్లియ్యమ్మా," అని చేయి చాపాను.

ఆ పిల్ల చీరను గుండెకు హత్తుకుని వెనక్కి జరిగింది. "నాకు జొరమొచ్చినా పర్వాలేదు సార్, ఇది మీ చేతికి మాత్రం ఇయ్యను. అక్క యాడుండాది?"

అక్కడే, ఆ గుమ్మంలోనే, తుంగభద్రమ్మ మీద ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో దానమిచ్చే బట్టను ముట్టను, ముట్టినా తడపను.

"దానమియ్యని బట్టల్ని గూడా," అని వంటింట్లోంచి సుజాత సవరణ చేసింది. అదీ ఒట్టులో కలిపేసుకున్నాను.