ఖాళీ సీసాకు సంతకం

“అబద్ధం! టీలో ఒక్క చెంచా చక్కెర వేసుకునేవాడు కప్పు అడుగుని అంతసేపు కలపడు తమ్ముడూ. నిన్న ఎంత వేసుకున్నావో మళ్ళీ చెప్పు.”

ఇళ్ళకి ఇస్త్రీ బట్టలు చేరవేసే తమ్ముడు, అక్క ఇంటి గుమ్మం పక్కన మూట దించి కూర్చున్నవాడు, తల గోక్కున్నాడు. “మూడు. అదీ కాస్త పైకి నిండుగా.”

“ఎన్ని టీలు?”

“నాలుగు.”

“ఐదోది ఎవరు తాగారు, మీ ఆవిడా?”

అతను పకపకా నవ్వాడు. ఆమె మాత్రం నవ్వలేదు. తుడిచిన కప్పుల్ని ఒకదాంట్లో ఒకటి పెట్టి సంచిలో సర్దుకుంటోంది. అందులో చెంచాలు నాలుగు సైజులు, గీతలు పెట్టిన గిన్నెలు, చిన్న తూకం మిషన్, ఒక స్కేలు. ఆ సంచితో ఏ వీధిలో అడుగుపెట్టినా పిల్లలు ముందే అరిచేస్తారు, “కొలతలక్క వచ్చింది!” అని. అసలు పేరు ఆఫీసు కాగితాల్లో తప్ప ఇంకెక్కడా లేదు.

ఎవరేం తింటారు, దానివల్ల ఒంటికి ఏమవుతుంది అని పరిశోధన చేసే ఆఫీసులో ఆమె పని. ఇల్లిల్లూ తిరిగి, నిన్న నిద్రలేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా నోట్లోకి ఏమేం వెళ్ళిందో అడిగి రాసుకురావాలి. పంతొమ్మిదేళ్ళుగా అదే పని. మనుషులు ఎక్కడ అబద్ధమాడతారో ఆమెకి కొట్టినపిండి. ఆకుకూర దగ్గర పెంచి చెప్తారు, నూనె దగ్గర తగ్గించి చెప్తారు, స్వీట్ల దగ్గర మాట మారుస్తారు. ఆమె ఎవరినీ నిలదీయదు. “నూనె డబ్బా ఎప్పుడు కొన్నారమ్మా, ఎప్పుడు అయిపోయింది?” అని దారి మార్చి అడుగుతుంది. దాంతో మిగతాది వాళ్ళే చెప్పేస్తారు.

అంతకుముందు ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. ఇదే ఆఫీసువాళ్ళు ఒకసారి అక్కడికి వస్తే, వార్డెన్ గోడకి అంటించిన కాగితం చూపించి రోజుకో గుడ్డు పెడుతున్నామని చెప్పింది. గరిటె పట్టుకుని వెనక నిలబడిన ఈమె ఉండబట్టలేక, “గోడ తింటోందేమో గానీ పిల్లలకి వారానికి ఒక్కటే” అనేసింది. ఆ సాయంత్రమే పని ఊడింది. వారం తిరక్కుండా ఆ ఆఫీసే పిలిచి ఈ సంచి చేతికిచ్చింది.

“అలాంటి ఆఫీసే ఇప్పుడు నన్ను అబద్ధం రాయమంటోంది, చూశావా?” అంది సంచి జిప్పు లాగుతూ.

“ఏమైందక్కా? సరిగ్గా చెప్పు. మా వీధిలో ఎవర్ని అడిగినా నోరు మెదపట్లేదు.”

ఆ వీధిలోనే జరిగింది కాబట్టి మెదపరు. ఎముకలకి బలమని బజార్లో అమ్మే విటమిన్ గోళీ నిజంగా పనిచేస్తుందా లేదా తేల్చడానికి ఆఫీసు ఏడాది పరీక్ష పెట్టింది. వీధిలో పన్నెండు ఇళ్ళు, ఇంటికొక ఆడమనిషి. నెలకో సీసా, రోజుకో గోళీ. సగం సీసాల్లో అసలు గోళీలు, సగం సీసాల్లో ఉత్త పిండి గోళీలు. ఏది ఎవరికి వెళ్ళిందో కొలతలక్కకీ తెలియదు. నెలాఖరుకి ఖాళీ సీసా తెచ్చి ఇస్తే వేసుకున్నట్టే లెక్క. పదినెలలుగా అన్ని సీసాలూ తళతళలాడుతూ ఖాళీగా వచ్చాయి. ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు.

పోయిన నెల ఆమె తను చెప్పిన రోజుకి రెండు రోజుల ముందే బట్టలు కుట్టే వదిన ఇంటికి వెళ్ళింది. కుట్టుమిషన్ ముందు వదిన లేదు. గోడలకి రంగులేసే ఆమె మొగుడు చేతులనిండా తెల్లమరకలతో సీసా మూత తీసి, గోళీ నోట్లో వేసుకుని గటగటా నీళ్ళు తాగుతున్నాడు.

“అన్నయ్యా, అది వదినది కదా?”

“ఇవాళ నా వంతు” అన్నాడు అతను, అమాయకంగా.

లోపల్నుంచి వదిన పరుగెత్తుకొచ్చింది. “ఒకరోజు నాకు, ఒకరోజు ఆయనకి. అంత మంచి మందు నేనొక్కదాన్నే ఎలా మింగను వదినా? రోజంతా నిచ్చెనెక్కేది ఆయన. నా ఎముకలు గట్టిపడి ఆయనవి విరిగితే మోయాల్సింది నేనేగా!”

ఆ మాటకి కొలతలక్కకి నవ్వొచ్చింది, వెంటనే పదినెలల ఖాళీ సీసాలు గుర్తొచ్చాయి. మర్నాటి నుంచి మిగతా పదకొండు ఇళ్ళూ మళ్ళీ తిరిగింది. రోజూ వేసుకుంటున్నారా అని ఈసారి అడగలేదు. “ఇంట్లో ఇంకెవరికి నచ్చింది ఈ గోళీ?” అని అడిగింది. ఒక ఇంట్లో అత్తగారికి, ఒక ఇంట్లో పరీక్షలకి చదివే కూతురికి, ఒక ఇంట్లో పూయడం మానేసిన గులాబీ కుండీకి. మొత్తం పన్నెండిళ్ళలో తొమ్మిదిళ్ళలో వాటాలే. ఎవరూ దొంగతనం చేశామనుకోలేదు. ఇంట్లోకి వచ్చినదాన్ని ఒక్కరే తినడం వాళ్ళకి చేతకాదు, అంతే.

“మరి ఆఫీసులో చెప్పావా?” అన్నాడు తమ్ముడు.

“చెప్పక? రాసి మరీ ఇచ్చాను.”

పరీక్ష నడిపించే డాక్టరమ్మ మంచిదే. కాగితం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. “సీసాలు ఖాళీగా వచ్చాయి కదమ్మా. మన పద్ధతి ప్రకారం అదే సాక్ష్యం. గోళీతో లాభం కనబడలేదని ఎల్లుండికి నివేదిక వెళ్ళాలి. గోళీలన్నీ ఇచ్చినవాళ్ళే వేసుకున్నారని నువ్వు సంతకం పెట్టు.”

“సీసా ఖాళీ అయిందని పెడతాను మేడమ్. ఎవరు ఖాళీ చేశారో, దానికి పెట్టను.”

“ఏర్పాట్లతో కలిపి రెండేళ్ళ పని ఇది. నీ ఒక్క కాగితంతో పక్కన పెట్టేయమంటావా?”

“పక్కన పెట్టమనలేదు. ఉన్నది ఉన్నట్టు రాయమంటున్నాను. ఆ గోళీకి నేనేం చుట్టాన్నా? పనిచేయకపోతే చేయదని రాయండి, నాకేం బాధ లేదు. కానీ సగం మింగినవాళ్ళని చూసి, మొత్తం మింగినా లాభం లేదని ఎలా రాస్తారు? రేపు పేపర్లో వస్తుంది. ఎవరో పెద్దావిడ అది చదివి మానేస్తుంది. అసలు సంగతి బయటపడ్డాక ఇంకెవరో అన్నీ దొంగలెక్కలే అని, డాక్టరు నిజంగా రాసిచ్చిన మందు కూడా మానేస్తాడు. అది నా సంతకం మీదే కదా జరిగేది?”

డాక్టరమ్మ కుట్టు వదినకి కబురు పంపి పిలిపించింది. వదిన వచ్చింది, ఏసీ గదిలో చెమటలు కక్కుతూ. “గోళీలు మీరే వేసుకున్నారా?” అని అడిగితే, కొలతలక్క వైపు చూడకుండా, “నేనే అమ్మా. అన్నీ నేనే” అంది.

పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి కొలతలక్క రాసిన కాగితమే అబద్ధమైపోయింది. డాక్టరమ్మ కాగితాన్ని ముందుకి జరిపింది. “ఎల్లుండి పదింటిదాకా టైం. సంతకం లేకపోతే వచ్చే ఏడాది నీకు ఈ పని ఇవ్వలేను. నా చేతిలో లేదు.”

“నా చేతిలో ఉంది మేడమ్, పెన్ను” అని వచ్చేసింది.

తమ్ముడు ఈల వేసినంత పని చేశాడు. “అంత మాట అన్నావా! తర్వాత?”

“తర్వాత ఏముంది, ఇంటికొచ్చి అన్నం కూడా సహించక కూర్చున్నాను. ఇవాళ పొద్దున్నే వదిన వచ్చింది, ఇదే గుమ్మంలోకి. లోపలికి రాదు, కూర్చోదు. ఆయన మింగినవి కక్కిస్తారేమో అనుకుందట. ఇకపై ఆ ఆఫీసులో ఊరికే చేసే కళ్ళ పరీక్షలకీ రానివ్వరేమో అని భయపడిందట. ఏడుస్తూ వెళ్ళిపోయింది. ఒక్క మాట తిట్టలేకపోయాను తమ్ముడూ. ఆవిడ చేసింది తప్పయితే నా ప్రశ్నదీ తప్పే. పదినెలలు సీసానే అడిగాను, మనిషిని అడగలేదు.”

“పోనీ సంతకం పెట్టెయ్యక్కా. ఎవరికి తెలుస్తుంది?”

ఆమె అతని వైపు అలా చూసేసరికి అతను మూట సర్దుకోవడం మొదలుపెట్టాడు.

“నాకు తెలుస్తుంది. గోడ గుడ్లు తింటోందని అన్నదాన్ని, ఇప్పుడు సీసాలు గోళీలు మింగాయని రాయనా? పని పోతే పోనీ. గరిటె పట్టడం మర్చిపోలేదు.”

లేచి నిలబడి చీర కుచ్చిళ్ళు సవరించుకుంది. ఇస్త్రీ తమ్ముడు మూట భుజానికెత్తుకుని గుమ్మం దిగాడు. ఆమె వెనకే మెట్లదాకా వచ్చింది.

“నువ్వు ఇప్పుడు ఆ వీధికేగా వెళ్తున్నావు? ముందు వదిన ఇంట్లోకి వెళ్ళు, బట్టలు తర్వాత ఇవ్వొచ్చు. కడుపులో పడ్డ గోళీని ఏ ఆఫీసూ వెనక్కి అడగదని చెప్పు. కళ్ళ పరీక్షలకి నేనే తీసుకెళ్తానని చెప్పు, పని ఉన్నా లేకపోయినా. రేపు తొమ్మిదిన్నరకి అన్నయ్యని కూడా వెంటబెట్టుకుని ఆఫీసు గేటు దగ్గరికి రమ్మను. ఎవరి వంతు ఏ రోజో ఇద్దరూ కలిసి చెప్తే చాలు. పక్కన నేను నిలబడతాను. గులాబీ కుండీ ఆవిడని కూడా అడిగి చూడు, వస్తానంటే తీసుకురా. బతిమాలకు, భయపెట్టకు. వెళ్ళు, ఇంకా నిలబడ్డావేం?”