భుజం మీద మిగిలిన చెయ్యి

ఇవాళ క్లాసులో ఒకమ్మాయి చేతివేళ్ళు రెండు చెరిపేశాను.

గుంటూరులో పిల్లలకు డిజిటల్ డిజైన్ నేర్పడం నా ఉద్యోగం. ఫొటోలో బ్యాక్‌గ్రౌండ్ తీసేసి, మనిషిని మాత్రం ఉంచి ఫ్లెక్సీ డిజైన్ చెయ్యమన్నాను. మిగతావాళ్ళు సినిమా హీరోల ఫొటోలు తెచ్చుకున్నారు. నల్లపాడు నుంచి వచ్చే శ్రావణి మాత్రం వాళ్ళ నాన్నగారి ప్రథమ వర్ధంతి ఫ్లెక్సీ చేసింది. వెనకున్న మిరపకాయల కల్లాన్ని ఎంత శుభ్రంగా తీసేసిందంటే నాకే ముచ్చటేసింది. కానీ ఆయన భుజం మీద ఎవరిదో చెయ్యి మిగిలిపోయింది.

ఇన్నేళ్ళుగా ఇలాంటి చేతులు చెరిపించీ చెరిపించీ విసిగిపోయాను.

"ముక్కలు వదిలెయ్యొద్దని మొత్తుకుంటున్నానా లేదా?" అంటూ మౌస్ లాక్కుని చెరపడం మొదలుపెట్టాను.

"అది నా చెయ్యేనండి" అంది శ్రావణి. "పోయినవాళ్ళ పక్కన బతికున్నవాళ్ళ ఫొటో ఉండకూడదని మా నాయనమ్మ అంది సార్. అందుకే నన్ను తీసేశాను. చెయ్యి మాత్రం తియ్యబుద్ధి కాలేదండి."

నేను అన్‌డూ నొక్కాను. వేళ్ళు రెండూ తిరిగొచ్చి ఆయన భుజాన్ని పట్టుకున్నాయి.

నీట్‌గా కట్ చేస్తేనే మార్కులని పొద్దున బోర్డు మీద రాసింది నేనే. ఆ లెక్కన శ్రావణికి తగ్గించాలి. మీరైతే తగ్గిస్తారా?

ఆదివారం ఆ ఫ్లెక్సీని వాళ్ళ వీధి మొదట్లో కడతారట. ఈ పిల్లకు పని నేర్పిన మాస్టారెవరో గానీ అని చూసినవాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి.