ఫ్రిజ్‌లో చుట్టాలు

ఆయన బొమ్మల ఫ్యాక్టరీలో కళ్ళు పెడతాడు. ముక్కు వేరే బల్ల, నోరు ఇంకో బల్ల, జుట్టు పై అంతస్తు. ఈయన ముందుకి బోడి తల వస్తుంది, రెండు కళ్ళతో వెళ్ళిపోతుంది. పెళ్ళికి ముందు నుంచీ ఇదే పని కాబట్టి అందరికీ కళ్ళాయన అయిపోయాడు. అత్తగారు కూడా ఫోన్లో "మా కళ్ళల్లుడు ఎలా ఉన్నాడే" అని కూతుర్ని అడుగుతుంది.

భార్యకి ఆసుపత్రి లాండ్రీలో తెల్లవారుజాము డ్యూటీ దొరికింది. కాళ్ళరిగేలా తిరిగి సంపాదించుకున్న పని. దాంతో పిల్లల పొద్దుటి తిండి ఈయన నెత్తిన పడింది. పెద్దాడితో పేచీ లేదు, ఏడేళ్ళ వాడు, రాళ్ళు పెట్టినా అరిగించుకుంటాడు. చిక్కంతా నాలుగేళ్ళ చిట్టితోనే. పొద్దున్నే పళ్ళెం కనబడితే చాలు, మొహం తిప్పేసుకుంటుంది. ఖాళీ కడుపుతో బడికి వెళ్ళి బల్ల మీద తల వాల్చేస్తోందని టీచరమ్మ కబురు పంపింది. ఆ మాట విన్న దగ్గర్నుంచీ కళ్ళాయనకి కంటి మీద కునుకు లేదు.

"రోజూ అదే బ్రెడ్డు పెడితే ఎవరు మాత్రం తింటారండీ, కొత్తగా ఏదైనా చేసి చూడండి" అంది భార్య. "ఈ వారం చూస్తాను. అప్పటికీ తినకపోతే నేనీ పని మానేస్తా."

సోమవారం ఆయన ఓ గుడ్డు ఉడకబెట్టి ఒలిచాడు. తెల్లగా, నున్నగా, బోడిగా ఉన్న దాన్ని చూడగానే చెయ్యి ఊరుకోలేదు. రెండు మిరియాలు తీసుకుని, ఎక్కడ గుచ్చాలో అక్కడ గుచ్చాడు. గుడ్డు ఆయన వంక చూసింది. పనితనం అలాంటిది మరి.

చిట్టి మొదటిసారి పళ్ళెం మీదికి వంగింది. "ఈయనెవరు నాన్నా?"

"నువ్వు తినాల్సిన గుడ్డమ్మా."

చిట్టి ఏడుపు లంకించుకుంది. "నన్నే చూస్తున్నాడు. చూస్తున్నవాణ్ణి ఎలా తింటాను?"

ఏడుపు ఆపడానికి ఆ గుడ్డుకి బాబాయి అని పేరు పెట్టి, గిన్నెలో పడుకోబెట్టి, ఫ్రిజ్‌లోకి సాగనంపారు.

బుద్ధున్న మనిషైతే మర్నాటి నుంచి కళ్ళు మానేసేవాడు. ఈయన వల్ల అవుతుందా? మంగళవారం ఆపిల్ మేనత్త అయింది. బుధవారం మెదిపిన బంగాళాదుంప తాతయ్య అయ్యాడు. గురువారం నాలుగు అరటిపళ్ళు తోడికోడళ్ళయి, ఒకరి మొహం ఒకరు చూడకుండా ఇద్దరటూ ఇద్దరిటూ తిరిగి కూర్చున్నారు. అందులో ఒక పిన్నిని పెద్దాడు ఆకలికి ఆగలేక మింగేశాడు. చిట్టి అన్నయ్యతో మాటలు మానేసింది. నిజం చెప్పొద్దూ, కళ్ళాయన కూడా ఆ రోజంతా కొడుకుని కాస్త అనుమానంగానే చూశాడు.

శుక్రవారం సాయంత్రం భార్య పాల కోసం ఫ్రిజ్ తెరిచింది. అన్ని కళ్ళూ ఒక్కసారి ఆవిడ వైపు చూశాయి. ఆవిడ అప్రయత్నంగా జుట్టు సర్దుకుని, ఆ తర్వాత తలుపు మూసింది.

"ఏమండీ, రేపటికల్లా మీవాళ్ళని పంపించెయ్యండి."

"మేనత్త ఒక్కతే మా వైపు" అన్నాడాయన.

ఆవిడ నవ్వలేదు. "పిల్ల ఇవాళ కూడా బల్ల మీద పడిపోయిందట. సోమవారం వెళ్ళి, పని మానేస్తున్నానని చెప్పేసి వస్తాను."

శనివారం పొద్దున, భార్య డ్యూటీకి వెళ్ళాక, వీడ్కోలు చెప్పడానికి కళ్ళాయన చుట్టాలందరినీ బల్ల మీదికి తెచ్చాడు. పక్కన పళ్ళెంలో బ్రెడ్డు ముక్కలు పెట్టాడు. వాటికి కళ్ళు పెట్టకుండా ఉండటానికి చేతులు రెండూ చంకల్లో దోపుకున్నాడు.

చిట్టి ఒక్కొక్కరినీ దగ్గరగా చూసింది. "నాన్నా, బాబాయికి నోరేది?"

"నోరు నా బల్ల కాదమ్మా."

"అత్తకీ లేదు. తాతయ్యకీ లేదు. ఇన్ని రోజులూ వీళ్ళేం తిన్నారు?"

"ఏమీ తినలేదు."

"అందుకే తాతయ్య నల్లబడిపోయాడు" అంది చిట్టి, కళ్ళలో నీళ్ళతో.

"బాబాయి కంపు కొడుతున్నాడు" అన్నాడు పెద్దాడు.

చిట్టి వాడి మాట పట్టించుకోలేదు. బ్రెడ్డు ముక్క తుంచి, "ఇది బాబాయి తరఫున" అని నోట్లో పెట్టుకుంది. ఇంకోటి అత్త తరఫున. తాతయ్యకి పళ్ళు ఉండవు కాబట్టి ఆయన తరఫున పాలు తాగింది. పెద్దాడు మింగేసిన పిన్ని వాటా కూడా వదల్లేదు. గట్టిగా ఊపిరి తీస్తే ఎక్కడ ఆపేస్తుందోనని కళ్ళాయన బిగుసుకుపోయి కూర్చున్నాడు. ఈ సంగతి భార్యకి ఎలా చెప్పాలో కూడా ఆయనకి తెలియలేదు.

చివరి ముక్క మిగిలింది. చిట్టి దాన్ని పట్టుకుని ఆయన వైపు తిరిగింది. ఆయన ముందు పళ్ళెం లేదు. వారమంతా టీ నీళ్ళ మీదే ఫ్యాక్టరీకి పరిగెత్తాడు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆయనకీ గుర్తు లేదు.

"నువ్వేం తిన్నావు నాన్నా?"

"నాకేం వద్దులేమ్మా."

చిట్టి ఆయన గడ్డం పట్టుకుని మొహం దగ్గరికి లాక్కుని, పట్టి పట్టి చూసింది.

"నీకు నోరుంది కదా" అని ఆ ముక్క ఆయన నోట్లో పెట్టింది. "నీ తరఫున నేను తినను. నువ్వే తిను."