మరవ మీద మూటలు

మా పుంగనూరు వైపు వాళ్లకు ఒక అలవాటుంది. కాలువలో నీళ్లు తగ్గితే మాకు ఎగువనున్న మదనపల్లె వాళ్లను తిడతాం, మోటార్లు పెట్టి తోడేస్తున్నారని. కాలువ చివరున్న కుప్పం వాళ్లు మమ్మల్ని తిడతారు. కుప్పంలో కాపురముంటున్న మా చెల్లెలు ఫోన్ చేసినప్పుడల్లా, “మీ ఊరోళ్లు మిగిలిస్తే కదక్కా మాకు” అని దెప్పేది. సర్పంచ్ అయ్యేదాకా నేనా మాటకు నవ్వేసి ఊరుకునేదాన్ని.

నేను సర్పంచ్‌గా ఉండగానే కాలువ నీళ్లు మా చెరువుకు మళ్లించారు. ఏళ్ల తర్వాత చెరువు నిండింది. నిండాక మిగిలిన నీళ్లు కట్ట చివరుండే మరవ మీదుగా పొర్లి, వంకలో పడి, కింది ఊరి చెరువుకు చేరాలి. మరవ పారిన రోజు గంగమ్మను ఆడబిడ్డలా సాగనంపడం మా ఆచారం. చేటలో చీర, పసుపు, కుంకుమ, గాజులు పెట్టి పారే నీళ్లలో వదులుతాం. కింది ఊరి ఆడవాళ్లు వంకలో నిలబడి ఆ సారె అందుకుంటారు.

ఈసారి హారతి ఇవ్వడానికి పెద్ద నాయకుడు వస్తున్నాడని కబురొచ్చింది. ఆయన వచ్చేసరికి చెరువు నిండుకుండలా కనపడాలని మా మగవాళ్లు సిమెంటు సంచుల్లో ఇసుక నింపి మరవ మీద పేర్చారు. పైకి చెప్పింది అది. లోపలి మాట, నీళ్లు కిందికి పోకూడదని. ఆ కింది ఊళ్లో బోర్లు ఎండిపోయి టమాటా తోటలు పిందె మీద వాడిపోతున్నాయి. తీయమని నేను మొత్తుకున్నాను. “పూజ కానీమ్మా, సూద్దాం” అన్నారు. ఆ ‘చూద్దాం’ అంటే ఏమిటో నాకు తెలియనిది కాదు.

ఆ రోజు మైకు, పలకల మేళం, పూలదండలు, అన్నీ ఉన్నాయి. నాయకుడు హారతి ఇచ్చి సారె చేట నీళ్లలో వదిలాడు. అది మెల్లగా పోయి మూటలకు తగిలి ఆగింది. ఎవరో కర్రతో నెట్టారు. గిర్రున తిరిగి మళ్లీ ఆయన కాళ్ల దగ్గరికే వచ్చింది. ఇన్ని ఏర్పాట్లు చేసిన మావాళ్లలో ఒక్కడికీ తట్టలేదు, సారె పోవాలంటే నీళ్లు పారాలని. పలకలు ఆగిపోయాయి.

కింద ఎండిన వంకలో కొంగులు పట్టుకుని నిలబడిన ఆడవాళ్లలో ఒక ముసలామె గొంతెత్తింది.

“సారె మీరే పెట్టుకుంటిరి, బిడ్డనూ మీరే పెట్టుకుంటిరి. మమ్మల్ని యాల పిలిస్తిరప్పా?”

సిగ్గుతో నా తల కొట్టేసినట్టయింది. దాని వెనకే కోపం వచ్చింది. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని మరవలోకి దిగాను. “మన బోర్లు ఎండితే నువ్వు పోస్తావా నీళ్లు?” అని మా ఊరి పెద్ద ఒకాయన అరిచాడు. “మదనపల్లోళ్లు ఇట్ల సేసినప్పుడు నువ్వేం తిడితివో మైకులో సెప్పమంటావా?” అన్నాను. తడిసిన మూట పెళ్లగించడానికి నా నడుము విరిగినంత పనైంది. నాయకుడు ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు. మా ఆయన గొణుక్కుంటూనే దిగి రెండో చివర పట్టుకున్నాడు. నీళ్లు పొర్లాయి, చేట వంకలోకి దూకింది. ఆ పూట నా అంత మనిషి లేదనుకున్నాను. మా ఊరివాళ్లు చాన్నాళ్లు నాతో ముభావంగా ఉన్నారు.

కొన్నాళ్లకు కింది ఊరి చెరువూ నిండిందని విని, కళ్లారా చూద్దామని వెళ్లాను. తోటలు పచ్చగా తేరుకున్నాయి. కడుపు నిండిపోయింది. కట్ట మీద నడుస్తూ మరవ దగ్గరికి వచ్చేసరికి, దాని మీద వరసగా ఇసుక మూటలు. ఆవల మూడో ఊరికి పోయే వంకలో దుమ్ము లేస్తోంది. ఆ ముసలామె అక్కడే గట్టు మీద మేకలు కాస్తోంది.

“ఏం పెద్దమ్మా, మీరూనా?”

ఆమె తడబడలేదు. “మల్లా మాకు నీళ్లు ఎప్పుడొస్తాయో సెప్పుమ్మా. సర్పంచివి కదా, నీకు తెలిసుంటాది. సెప్పు, ఇప్పుడే నా సేత్తో తీసేస్తా.”

అడిగిన తీరులో ఎగతాళి లేదు. నిజంగానే చెబుతానేమోనని నా మొహంలోకి చూస్తోంది. వచ్చే ఏడు కాలువ వస్తుందో రాదో నాకే కాదు, ఆ రోజు హారతి ఇచ్చినాయనకూ తెలియదు. అబద్ధమైనా చెప్పి మూటలు తీయిద్దామా అనిపించింది. ఆమె పక్కన కాసేపు కూర్చుని, ఒక్క మూటా ముట్టుకోకుండా ఇంటికి వచ్చేశాను.