దారం వచ్చిన ఇడ్లీ

బడికి పోవాల్సిన వయసులో నా చేతులు పిండి రుబ్బే పనిలో ఉండిపోయాయి, అందుకే ఇది ఇంత ఆలస్యంగా రాస్తున్నాను. మనవరాలు పక్కన కూర్చుని అక్షరాలు దిద్దించాక, ఫోనులో నేను కూడబలుక్కుని చదివిన మొదటి పెద్ద మాట ‘అసౌకర్యానికి చింతిస్తున్నాం’. చీర బదులు దుప్పటి పంపిన కంపెనీ అలా రాసింది. (చింతించింది ఎవరో, ఎక్కడ కూర్చుని చింతించారో తెలియలేదు. చీర మాత్రం వచ్చింది.) ఆ రోజుల్లో అయితే చింతించడానికి ఒక మనిషి నడిచి పోవాలి. మా మెస్సులో ఆ మనిషిని నేనే.

మా పల్లె బేరిగై నుంచి ఫ్యాక్టరీలుండే మూకండపల్లికి వచ్చి, అందరూ అక్క అని పిలిచే ఒకావిడ మెస్సులో పిండి రుబ్బి వడ్డించే పనికి కొత్తగా చేరాను. తినేవాళ్ళంతా ఫ్యాక్టరీ వాళ్ళు. వాళ్ళకు పెద్దదిక్కు ఒక మీసాలాయన. ఆయన ఎటు నడిస్తే అందరూ అటే. మాకు ఎదురుగా ఇంకో మెస్సు తెరిచారు. ఆయన అటు చూస్తే చాలు, నేను ఆయన పళ్ళెంలో ఇంకో ఇడ్లీ వేసేదాన్ని. అక్క మెస్సు మూతపడితే నేను తిరిగి ఊళ్ళో మా పిన్నమ్మ గొర్రెల వెంట పోవాల్సిందే.

ఒకరోజు పొద్దున మీసాలాయన ఇడ్లీ తుంచితే అందులోంచి దారం వచ్చింది. ఇడ్లీ తట్టలో పరిచే గుడ్డ పాతబడి పోగులు ఊడింది కాబోలు. ఆయన లాగుతున్నాడు, అది వస్తూనే ఉంది. అందరూ తినడం ఆపేశారు.

“ఈ ఇడ్లీ యాడ కుట్టించినారమ్మా?” అన్నాడు నెమ్మదిగా. అరిచి ఉంటే అంత భయం వేసేది కాదు.

వంటగదిలోకి పరుగెత్తి బియ్యం మూట వెనక నక్కాను.

“నువ్వు ఆడ దాక్కుంటే ఆయప్ప ఎదురు మెస్సుకు పోతాడు,” అంటూ అక్క వేడి ఇడ్లీల పళ్ళెం నా చేతిలో పెట్టింది. “పోయి తప్పయిందని చెప్పు.”

“నువ్వు పోక్కా.”

“నేను పోతే జగడమైతుంది. నిన్ను చూస్తే ఎవురికైనా పాపమనిపిస్తుంది. పో.”

పోయాను. చెప్పాల్సిన మాట మరిచిపోయాను. దారం లేదని చూపించాలి కదా అని ఆయన ముందే ఒక్కో ఇడ్లీని తుంచాను, తుంచినదాన్ని మళ్ళీ తుంచాను. ఎక్కడ ఆపాలో తెలియలేదు.

“చాలమ్మా. ఇడ్లీ అడిగితే ఉప్మా చేసిస్తివి,” అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు, ఆయన నవ్వలేదు. ఆ పొడి మీదే సాంబారు పోయించుకుని తిని, చేయి కడుక్కుని, “రేపు చూస్తాము” అని వెళ్ళిపోయాడు.

అంటే ఏమిటని అక్కను అడిగాను. “రేపు తెలుస్తుంది” అంది. ఆ పాత గుడ్డను తీసి పొయ్యిలో వేసింది.

ఆ బియ్యం మూట వెనకున్న పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, దగ్గరికి తీసుకోవాలనీ ఉంటుంది. మరుసటి రోజు పొద్దున మీసాలాయన తన గుంపుతో వచ్చి రోడ్డు మధ్యలో ఆగాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. నేను వాకిట్లోకి వెళ్ళి, అక్క కొత్తగా తెచ్చిన ఇడ్లీ గుడ్డను రెండు చేతులా ఎత్తి ఎండకు పట్టి చూపించాను. నా ముఖం దాని వెనకే ఉండిపోయింది. మా మెస్సు లోపల బెంచీలు జరిపిన చప్పుడు వినపడేదాకా గుడ్డను దించలేదు.