నిమ్మతోట మామ బరువు

ఆ రోజుల్లో బీమా ఏజెంటుకు దారిలో ఎదురొచ్చే యోగ్యత కూడా ఉండేది కాదు. ఇప్పుడు మెడకు టై బిగించిన పిల్లలు 'ఆర్థిక సలహాదారు' అని పేరు తగిలించుకుని, సరిగ్గా మనం విస్తరి ముందు కూర్చునే వేళకు ఫోను చేసి, మన పేరైనా తిన్నగా పలకకుండా మన భవిష్యత్తు చెబుతున్నారు. (నాకు ఒళ్లు మండుతుంది. అయినా పెట్టేయను. వాడికీ ఒక నెలాఖరు ఉంటుంది.) మమ్మల్ని మాత్రం గూడూరు చుట్టుపక్కల పల్లెల్లో 'చావు ఏజెంటు' అనేవాళ్లు. పెళ్లిచూపులకు బయలుదేరిన ఎద్దులబండి ఒకటి నన్ను చూసి ఆగిపోయింది. అందులోంచి ఒక పెద్దాయన దిగి, "అబయా, నువ్వు ఆ వామి చాటున కాసేపు నిలబడు. మేం ఇంటికి పోయి మళ్లీ బయల్దేరతాం" అని మర్యాదగానే అడిగాడు. నిలబడ్డాను. ఏం చేస్తాను?

వాళ్ల భయంలో నా పాలు కూడా ఉంది. నాది ఎనిమిదో తరగతి చదువు. ఇంగ్లీషు, నిఘంటువు పక్కన పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నదే. కంపెనీ వాళ్లిచ్చిన చిన్న పుస్తకంలో 'మొదట ఖాతాదారు తన మరణాన్ని ఊహించుకునేలా చేయవలెను' అని ఉంటే దాన్ని వేదవాక్కుగా పట్టుకుని, చిల్లకూరులో ఒక రైతు అరుగు మీద కూర్చుని, "రేపు పొద్దున మీరు లేరనుకోండి" అని మొదలుపెట్టాను. ఆయన నన్నేమీ అనలేదు. కుక్కను మాత్రం విప్పాడు.

మా పై అధికారి మే నెల ఎండలో కూడా కోటు విప్పని మనిషి. అందుకని ఏజెంట్లందరికీ కోటుసారు. ఆయన ఒకరోజు నన్ను పిలిచి, నెలాఖరులోపు ఒక్క పాలసీ అయినా పాసు కాకపోతే ఏజెన్సీ రద్దు అన్నాడు. రద్దయితే మేనమామ మైకా గోడౌనులో పని మాట్లాడి సిద్ధంగా ఉంచాడు. ఆ పని తక్కువదని కాదు. నాన్న పోయాక నన్ను ఒంటిచేత్తో పెంచిన అమ్మ, మావాడు కంపెనీ మనిషి అని అప్పటికే వీధి వీధంతా చెప్పుకుంది. ఆమె మళ్లీ వీధిలోకి తలెత్తుకుని ఎలా వెళ్లేది?

మిగిలిన ఆశ ఒక్కటే. మనుబోలు దగ్గర నిమ్మతోట ఉన్న రైతు ఒకాయన అమ్మకు దూరపు చుట్టం. నేను మామా అనేవాణ్ణి. మనిషి తాటిపట్టెలా సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఆయన భార్య, మా అత్తమ్మ, నేను మొదటిసారి సంచీతో గడప ఎక్కగానే, "మా ఇంట్లో ఆ మాట ఎత్తినావంటే నెత్తిన పేడనీళ్లు పోస్తా" అని ముందే చెప్పేసింది. అందుకని ఎత్తలేదు. వెళ్లడం మాత్రం మానలేదు. కాయలు కోసే రోజైతే కోశాను, లేనినాడు మామకు పత్రిక చదివి వినిపించాను. చివరికి మామే విసిగిపోయి, "ఏందబయా, ఊరంతా చెప్పే మాట మా ఇంట్లో చెప్పవే?" అన్నాడు.

"అత్తమ్మ పేడనీళ్లు కలిపి పెట్టుంటదేమోనని, మామా."

లోపల అత్తమ్మ నవ్వింది. "ఆ మాట అనకుండా చెప్పు, వింటా" అంటూ వచ్చి గడప మీద కూర్చుంది.

చావు మాట లేకుండా జీవిత బీమా చెప్పమంటే, ఉప్పు పేరెత్తకుండా ఊరగాయ పెట్టడం నేర్పమన్నట్టే. "మామ తోటలో లేడనుకో, అత్తమ్మా" అన్నాను.

"యాడికి పోతాడు?"

"ఊరికి."

"ఎన్నాళ్లకొస్తాడు?"

"రాడత్తమ్మా."

ఆమె లేచి వెళ్లి మామకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తర్వాత, "సరే, రాయి. డాక్టరు ఏం చేస్తాడు?" అంది. బరువు చూస్తాడని చెప్పాను. ఆమె తల ఊపిన తీరు నాకు అప్పుడే అర్థమై ఉండాల్సింది.

నెలాఖరు ముంగిట్లో ఇద్దరూ బస్సులో గూడూరు వచ్చారు. కంపెనీ డాక్టరుగారు నెమ్మదస్తుడు, ఆదివారం చర్చిలో పాట ఎత్తేది ఆయనే. మామను బరువు మిషను ఎక్కించి, ముల్లు వంక చూసి, మామ డొక్కల వంక చూసి, మళ్లీ ముల్లు వంక చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని ఇంకోసారి చూశాడు. ఈలోగా మామ పంచె కింద కట్టుకున్న గుడ్డ జారి, ఇనప తూకపు రాళ్లు రెండు డాక్టరుగారి బూటు పక్కన దభీమని పడ్డాయి.

డాక్టరుగారి నెమ్మది ఆ రాళ్లతోపాటే నేల మీద పడింది. "ఇది నువ్వు నేర్పిన విద్యేనా?" అని నన్ను అడిగాడు. "కంపెనీకి రాస్తాను. నువ్వు ఇంకెక్కడా సంచీ పట్టుకోకుండా చేస్తాను." మామ ముల్లు దిగిపోయిందేమోనని మిషను వంకే చూస్తున్నాడు.

బయట బెంచీ మీదున్న అత్తమ్మ లోపలికొచ్చింది. "ఆ పిలగాణ్ణి అనబాకండి. నేనే కట్టినా" అంది. "మా పక్కింటి మిల్లాయన లావుగా ఉంటాడు, ఆయనకు పెద్ద కాయితం రాసినారు. బడి అయ్యవారు బక్కోడు, ఆయనకు చిన్నది రాసినారు. మా ఆయన రెక్కలు ముక్కలు చేసుకునే మనిషి సారూ. బక్కోడని వెల తగ్గిస్తే నేను చూస్తా ఊరుకుంటానా?"

డాక్టరుగారు నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగాడు. తర్వాత ఆమెను కూర్చోబెట్టి, కాయితం పెద్దదైనా చిన్నదైనా ఎవరు ఎంత కట్టగలరో దాన్ని బట్టి వాళ్లు కోరుకున్నదేననీ, మనిషి బక్కగా, గట్టిగా ఉంటే కంపెనీకి మరీ సంతోషమనీ చెప్పాడు. "అయితే ఇన్నేళ్లూ నేను పోసిన నెయ్యంతా దండగేనా?" అంది అత్తమ్మ. మామను మళ్లీ ఉన్న బరువుతోనే తూచి, గుండె, ఊపిరి చూసి, డాక్టరుగారు సంతకం పెట్టాడు. కంపెనీకి రాస్తానన్న మాట మరి ఎత్తలేదు. నెలాఖరులోపే పాలసీ పాసయింది. ఏజెన్సీ నిలబడింది. డాక్టరుగారికీ నేను రుణపడే ఉన్నాను.

కానీ నేను చెప్పదలుచుకున్నది తూకం జరిగిన ఆ మధ్యాహ్నం సంగతి. బస్టాండు బయట నీడలో అత్తమ్మ పెరుగన్నం మూట విప్పి, ముందు నాకు పెట్టింది. తింటూ ఉంటే, "నీకుందా అబయా, ఆ కాయితం?" అని అడిగింది.

"లేదత్తమ్మా."

"మరి మాకెట్టా చెప్పినావు?" అంది. కోపంగా కాదు. "నువ్వు ఊరికి పోతే మీ అమ్మకెవురున్నారు?"

నా బాగు కోరిన వాళ్లు అప్పటికి చాలామందే ఉన్నారు. ఆ ప్రశ్న మాత్రం వాళ్లెవరూ అడగలేదు. తర్వాతి ఏళ్లలో ఏ ఇంటికి వెళ్లినా పుస్తకంలోని మొదటి వాక్యం పక్కన పెట్టి, గడప మీద కూర్చునే ఇల్లాలికే ముందు చెప్పడం అలవాటు చేసుకున్నాను. నాకు అన్నం పెట్టింది ఆ అలవాటే. (కోటుసారు దాన్ని తన పద్ధతి అని సభల్లో చెప్పేవాడు. చెప్పుకోనీ.)

ఆ మరుసటి వారమే నా పేరున నేనే దరఖాస్తు రాసుకున్నాను. నేను పోయిన తర్వాత డబ్బు ఎవరికి చెందాలి అన్న చోట అమ్మ పేరు రాయాలి. జిల్లాలో సగం మందిని చావు మాటతో దడిపించిన కుర్రవాడికి ఆ గడి దగ్గర కలం కదల్లేదు. వంటింట్లో అమ్మ గిన్నెలు సర్దుతున్న చప్పుడు వింటూ, పేరులోని మొదటి అక్షరం పెట్టి, లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను. ఆ కుర్రవాడు నాకిప్పటికీ కనిపిస్తూనే ఉంటాడు. కడుపు నిండా మంచినీళ్లతో, చొక్కా తడుపుకుని, ధైర్యం తెచ్చుకుని రెండో అక్షరం రాస్తూ.